దొంగకి తెలుగు వచ్చు, ఠాణాకి రాదు

ఒడిశా దక్షిణ సరిహద్దు జిల్లాల కలెక్టర్లకు, పోలీసు సూపరింటెండెంట్లకు, సరిహద్దుకి అటూ ఇటూ ఉన్న బ్యాంకు మేనేజర్లకు ఒక బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. గంజాం నుంచి మల్కనగిరి దాకా ఆంధ్రాని ఆనుకుని ఉన్న ఊళ్లలో ఒకదాంట్లో నాది రీఛార్జి, జిరాక్సు కొట్టు. అరుగు మీద నిలబడితే అవతలి ఊరి గుడి ధ్వజస్తంభం కనిపిస్తుంది. ఆ ఊరు ఆంధ్ర. మా ఇళ్లలో తెలుగు, బడిలో ఒడియా, బ్యాంకు మెసేజీలో ఇంగ్లీషు. పెద్దవాళ్లు తెలుగు చదువుతారు, ఒడియా అక్షరం పోల్చుకోలేరు. పిల్లలు తెలుగు గలగలా మాట్లాడతారు, చదవమంటే తెల్లమొహం వేస్తారు. అందుకని ఎవరి ఫోన్లో ఏ మెసేజీ వచ్చినా సగం ఊరు నా కొట్టుకే వస్తుంది. డబ్బు పోయినా ముందు నా దగ్గరికే వస్తారు.

పోయిన దసరా నుంచి సంక్రాంతి దాకా అలా డబ్బు పోగొట్టుకుని వచ్చినవాళ్ల సంగతి ఒక నోటుపుస్తకంలో రాసి పెట్టాను. మూడు పేజీలు నిండాయి. ఒకరిద్దరు తప్ప అందరితోనూ దొంగ మాట్లాడింది తెలుగులోనే. "పిన్నిగారూ, మీ పార్శిలు తిరిగి వెళ్లిపోతుందండీ" అని ఎంత మర్యాదో! మమ్మల్ని దోచుకోవడానికి తెలుగు వచ్చినవాణ్ని దొంగ ఎక్కణ్నుంచో వెతికి పెట్టుకున్నాడు. మా ఫిర్యాదు రాసుకోవడానికి తెలుగు వచ్చినవాళ్లని మీరు ఇంకా పెట్టలేదు. ఈ లేఖలో నా గోడు ఇదే.

ఇదంతా కాగితం మీద పెట్టి మూడుసార్లు అర్జీ ఇచ్చాం. మొదటిదానికి రసీదు ఇచ్చారు. రెండోదానికి "సంబంధిత శాఖకు పంపాం" అని మెసేజీ వచ్చింది. మూడోదానికి అదీ లేదు. ఏ ఆఫీసో, ఏ ఠాణానో, ఏ బ్యాంకో ఇక్కడ రాయను. ఎవరినీ రచ్చకీడ్చాలని కాదు. మళ్లీ దసరా దగ్గరపడుతోంది, ఈసారైనా ముందే ఒకమాట చెప్పాలని.

జరిగినవి వరసగా చెబుతాను.

1. మా వెనక వీధిలో కుట్టుమిషను పెట్టుకున్న ఒకావిడ ఉంది. మొగుడు సూరత్‌లో మరమగ్గాల మీద పని. గంజాం వైపు నుంచి సూరత్ వెళ్లినవాళ్లు లేని వీధి మా దగ్గర తక్కువ. పోయిన దసరాల్లో ఫోన్లో ఒక ప్రకటన చూసి 699 రూపాయల పట్టుచీరకి ఆర్డరు పెట్టింది. పార్శిలు ఇచ్చినప్పుడే డబ్బు కట్టింది. విప్పి చూస్తే రంగు వెలిసిన నైలాన్ గుడ్డ, అదీ సగం చీరంత. వాపసు ఇద్దామని కస్టమర్ కేర్ నంబరు కోసం ఇంటర్నెట్‌లో వెతికింది. మొదట కనబడ్డ నంబరుకి ఫోన్ చేసింది. ఆ నంబరు పెట్టింది కూడా దొంగలే. "డబ్బు వాపసు రావాలంటే ఈ యాప్ వేసుకోమ్మా" అన్నాడు. అది ఫోన్ తెర మొత్తం అవతలివాడికి చూపించే యాప్. ఆమె నొక్కే ప్రతి అంకె వాడికి కనబడింది. పన్నెండు నిమిషాల్లో మూడు విడతలుగా 9,999, 19,500, 8,400 వెళ్లిపోయాయి. మొత్తం 37,899 రూపాయలు. అందులో సూరత్ నుంచి వచ్చిన రెండు నెలల డబ్బూ ఉంది, కూతురి కాలేజీ ఫీజూ ఉంది.

పదకొండు గంటలకి నా కొట్టుకి వచ్చింది. "బాబూ, డబ్బులు పోనాయి, ఏటి సెయ్యాలి?" అంది. ఇక్కడ నా తప్పు కూడా ఒప్పుకోవాలి. సైబర్ మోసాల్లో డబ్బు పోతే ఫోన్ చేయవలసిన 1930 అన్న నంబరు నాకు అప్పటికే తెలుసు. కొట్టు గోడకి కాగితం అంటించి కూడా ఉంది. అయినా డబ్బు పోయిందనగానే నా నోటికొచ్చిన మాట "ముందు బ్యాంకుకి పరిగెత్తు" అని. పరిగెత్తింది. ఆమె ఖాతా పుట్టింటివైపు ఆంధ్ర ఊళ్లో ఉంది. ఆటోలో వెళితే పోలీసు కంప్లెయింటు కాగితం తెమ్మన్నారు. అక్కడి ఠాణాకి వెళితే ఆధార్ చూసి, "మీది ఒడిశా కదమ్మా, అక్కడే ఇవ్వాలి" అన్నారు. సాయంత్రం ఇవతలి ఠాణాకి వస్తే, "ఖాతా ఆంధ్రాది, సిమ్ ఆంధ్రాది, అక్కడే ఇవ్వు. లేదంటే ఒడియాలో రాయించుకుని రేపు రా" అన్నారు. ఒడియాలో రాసిపెట్టినాయన నూరు రూపాయలు తీసుకున్నాడు. రాత్రి ఎనిమిదింటికి మళ్లీ నా కొట్టుకి వచ్చాక గానీ 1930కి ఫోన్ చేయలేదు. అవతలివాళ్లు అయిదు నిమిషాల్లో వివరాలు రాసుకున్నారు, ఫిర్యాదు నంబరు మెసేజీలో వచ్చింది. కానీ అప్పటికి తొమ్మిది గంటలు గడిచాయి. డబ్బు ఖాతాల మీద ఖాతాలు మారిపోయింది. ఆగినది 1,140 రూపాయలు.

ఆ నంబరు ఎలా పనిచేస్తుందో తెలిసినవాళ్లకి ఈ తొమ్మిది గంటల విలువ తెలుసు. 1930కి చెప్పగానే వివరం ముందు మన బ్యాంకుకి, అక్కణ్నుంచి డబ్బు చేరిన బ్యాంకుకి వెళుతుంది. డబ్బు ఇంకా అక్కడే ఉంటే అక్కడే ఆపేస్తారు. వేరే ఖాతాకి మారిపోతే దాని వెంట పడతారు. దొంగ ఏటీఎంలో నోట్లు తీసేసుకున్నాక ఇంక ఆపడానికి ఏమీ ఉండదు. గంట లోపల చెప్పడానికీ రాత్రి చెప్పడానికీ తేడా అది. 2021లో మొదలైనప్పుడు ఆ నంబరు 155260. ఆ పాత నంబరున్న కాగితాలు మా బస్టాండు గోడ మీద ఇంకా ఉన్నాయి.

2. రెండోది నా సొంత సంగతి. దీపావళి వారంలో ఎవరో కొత్త కుర్రాడు వచ్చి ఇయర్‌ఫోన్లు కొని, ఒక రీఛార్జి చేయించుకుని, క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి 850 రూపాయలు కొట్టాడు. ఇరవై రోజుల తరవాత నా ఖాతా ఫ్రీజ్ అయింది. ఆ 850 ఎక్కడో ఇంకో రాష్ట్రంలో ఎవరిదో దోచిన డబ్బులోంచి వచ్చిందట. అక్కడి పోలీసులు ఆపమన్నారట. ఖాతాలో 61,000 ఉంది. అందులో చాలావరకు రీఛార్జి డిస్ట్రిబ్యూటరుకి కట్టవలసినది. ఆపవలసింది 850 అయితే, ఆగింది 61,000. ఏ ఠాణా, ఏ కేసు అని బ్యాంకులో అడిగితే ఒక ఈమెయిల్ చిరునామా చేతిలో పెట్టారు. బిల్లు కాగితం, ఆధార్, దుకాణం లైసెన్సు అన్నీ పంపాను. జవాబు లేదు. నలభై ఏడు రోజులకి ఫ్రీజ్ తీశారు. ఎందుకు వేశారో చెప్పలేదు, ఎందుకు తీశారో కూడా చెప్పలేదు. ఆ నలభై ఏడు రోజులూ నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి కొట్టు నడిపాను.

ఇది నా ఒక్కడితో ఆగలేదు. నా సంగతి తెలిశాక సంత వీధిలో మూడు కొట్లవాళ్లు పండగ రోజుల్లో ముక్కూమొహం తెలియనివాళ్ల దగ్గర ఫోన్ డబ్బు తీసుకోవడం మానేశారు. ఫోన్లో తప్ప చేతిలో డబ్బులేని కూలిజనం ఉప్పూ పప్పూ కొనుక్కోలేక వెనక్కి వెళ్లారు. మొత్తం ఖాతా స్తంభింపజేయకుండా, వివాదంలో ఉన్న సొమ్మునే ఆపాలని కేరళ హైకోర్టు 2023లో బ్యాంకులకి చెప్పింది. ఆ మాట మా ఊరి దాకా రాలేదు.

3. మా కొండ మీది సవర ఊళ్లకి క్రిస్మస్ పెద్ద పండగ. ఆ రోజుల్లో ఎవరూ ఆర్డరు పెట్టని పార్శిళ్లు ఇళ్లకి వస్తాయి. ఇంట్లో ముసలమ్మ ఉంటుంది. మనవడు ఆర్డరు పెట్టాడేమోనని అయిదువందలో ఆరువందలో చేతిలో పెడుతుంది. లోపల ప్లాస్టిక్ బొమ్మ. కొరియరు కుర్రాణ్ని అడిగితే "నేను మోసేవాణ్ని, నాకేం తెలుసు" అంటాడు. నిజమే, వాడికేం తెలుసు. పెట్టె మీద అమ్మినవాడి చిరునామా ఉండదు, ఉన్నా చదవడానికి రాదు.

4. ఇంకా రకరకాలు ఉన్నాయి. "మీ చిరునామా తప్పు, 25 రూపాయలు కడితే పార్శిలు మళ్లీ పంపుతాం" అని తపాలా శాఖ పేరుతో లింకు. పండగ ఆఫరని, పెళ్లి శుభలేఖ అని వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలు, తెరిస్తే ఫోన్లో దొంగ యాప్ ఎక్కుతుంది. డెలివరీ కుర్రాణ్నంటూ ఫోన్ చేసి "స్టార్ 401 కొట్టి ఈ నంబరు నొక్కండి" అనేవాళ్లు. అది నొక్కితే మన ఫోన్లన్నీ వాడికి వెళతాయి, బ్యాంకు ఫోన్ చేసినా సరే. ఈ దారి మూయాలని 2024 ఏప్రిల్‌లోనే టెలికాం శాఖ కంపెనీలకి చెప్పింది. అయినా ఎవరైనా అలా నొక్కేసి వస్తే ముందు ##002# కొట్టించి, ఫార్వర్డింగు అంతా తీయించి, ఆ తరవాతే తక్కిన మాట. వాపసు డబ్బు కోసం పిన్ కొట్టమనేవాళ్లు సరేసరి. డబ్బు పంపడానికే పిన్, రావడానికి అక్కర్లేదు. ఈ ఒక్క ముక్క నేను వెయ్యిసార్లు చెప్పి ఉంటాను. అయినా పండగ హడావుడిలో, స్టవ్ మీద పాకం మాడిపోతుంటే, ఫోన్లో తెలుగులో "అమ్మా" అని పిలిచేసరికి మర్చిపోతారు. అత్యాశ వల్ల మోసపోయారని మీ ఆఫీసుల్లో అంటుంటారు. మూడు వందల మిక్సీ జారు కోసం అత్యాశేమిటి సార్?

5. డబ్బు పోయాక జరిగేది ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఆ కుట్టుమిషను ఆవిడకి మొగుడు ఆరు వారాలు డబ్బు పంపలేదు. ఫోన్ లాక్కుని అత్తగారి చేతికి ఇచ్చారు. కూతురి పేరు కాలేజీలో ఉంది గానీ ఫీజు అప్పు చేసి కట్టారు. ఆవిడ ఇప్పటికీ వారానికోసారి వచ్చి, "ఆ నంబరు సూడు బాబూ, ఏటైనా వచ్చిందేటి?" అని అడుగుతుంది. వెబ్‌సైట్ తెరిచి చూస్తాను. "పరిశీలనలో ఉంది" అని ఉంటుంది. ఇంగ్లీషులో.

ఇందులో చట్టం తక్కువై ఆగిపోయినది ఒక్కటీ లేదు. నేర సమాచారం ఎక్కడిదైనా తీసుకుని ఎఫ్ఐఆర్ రాయాలని 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ చెబుతోంది. జీరో ఎఫ్ఐఆర్ అంటారే, అది. అంటే "మీది అటు", "మీది ఇటు" అనే మాటకి చోటే లేదు. ఇక భాష. కేంద్రంలోగానీ రాష్ట్రంలోగానీ వాడే భాషల్లో దేనిలోనైనా ఎవరైనా తమ కష్టాన్ని ఏ అధికారికైనా రాసి ఇవ్వచ్చని రాజ్యాంగం 350వ అధికరణం హామీ ఇచ్చింది. మాకు ఒడియా మీద కోపం లేదు. మా పిల్లలు చదివేది ఆ భాషే, మా అన్నం ఈ నేలదే. తెలుగులో రాసిన అర్జీని "ఇది చెల్లదు" అనకూడదు, అంతే మేం అనేది.

మా ఒడిశా వైపు ఉన్న పర్లాకిమిడి పేరు చెబితే ఒక సంగతి గుర్తొస్తుంది. గిడుగు రామమూర్తి పంతులుగారు అక్కడే బళ్లో పాఠాలు చెప్పారు. సవరల దగ్గర కూర్చుని సవర భాష నేర్చుకున్నారు. జనం మాట్లాడే మాటలోనే రాయాలని అక్కణ్నుంచే పోరాడారు. 1936లో ఆ ఊరు ఒరిస్సాలో కలిశాక రాజమండ్రి వెళ్లిపోయారు. ఆయన పుట్టిన ఆగస్టు 29న అటు ఆంధ్రాలో తెలుగు భాషా దినోత్సవమని పూలదండలు వేస్తారు. ఇటు మేం ఆ భాషలో ఒక కంప్లెయింటు రాసి ఇవ్వడానికి నూరు రూపాయలు పట్టుకుని తిరుగుతున్నాం.

బ్యాంకులవారికి విడిగా ఒక మాట. ఖాతాదారుడి ప్రమేయం లేకుండా బయటివాళ్లు డబ్బు లాగితే, మూడు పనిదినాల్లోగా చెప్పినవాడికి నష్టం ఏమీ ఉండకూడదని రిజర్వు బ్యాంకు 2017 జూలైలోనే ఆదేశించింది. ఖాతాదారుడే పొరపాటున ఓటీపీ ఇచ్చేశాడనుకున్నా, బ్యాంకుకి చెప్పిన తరవాత పోయేదంతా బ్యాంకుదే. అందుకని "పోలీసు కాగితం తెస్తేనే వింటాం" అనడం మా నెత్తిన బండ వేయడమే. చెప్పిన క్షణంలో టైము వేసి నంబరు ఇవ్వండి. ఆ టైము మీదే మా డబ్బు ఆధారపడి ఉంది.

మేం అడుగుతున్నవి ఇవీ:

1. సరిహద్దు ఠాణాల్లో తెలుగు తెలిసినవాళ్లు ఒకరు, దసరా నుంచి సంక్రాంతి దాకానైనా, పొద్దున్నుంచి రాత్రి దాకా ఉండాలి. కానిస్టేబులే అక్కర్లేదు, హోంగార్డు చాలు. ఒడియా, తెలుగు, ఇంగ్లీషు మూడిట్లో ఒకే పేజీ ఫారం పెట్టండి. అందులో బ్యాంకు పేరు, టైము, మొత్తం, లావాదేవీ నంబరు ఖాళీలుంటే చాలు. మనిషి ఏడుస్తూ వచ్చినప్పుడు కథ రాయమనకండి.

2. వచ్చినవాళ్లని వెనక్కి పంపేముందు ఠాణాలోనే 1930కి ఫోన్ చేయించండి. ఎఫ్ఐఆర్ ఎవరిదన్న మాట తరవాత తేల్చుకోవచ్చు. అవతల శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం, అల్లూరి సీతారామరాజు జిల్లాల పోలీసులతో పండగలకి ముందే ఒకసారి కూర్చుని, ఎవరి దగ్గరికి వచ్చినా తీసుకోవాలని రాతపూర్వకంగా అనుకోండి. తీసుకోనన్నవాళ్లు ఎందుకు తీసుకోలేదో కాగితం మీద రాసి ఇవ్వాలి.

3. ప్రతి బ్యాంకు తలుపు మీద, ప్రతి ఏటీఎంలో, బ్యాంకు మిత్రల దగ్గర తెలుగులో పెద్ద అక్షరాలతో 1930, ఆ బ్యాంకు ఖాతా బ్లాకు చేసే నంబరు రాయించండి. దసరాకి బ్యాంకు మూసినా ఆ బోర్డు కనబడుతుంది. బ్యాంకుల వెబ్‌సైట్లు 2025 అక్టోబరు 31 నాటికి డాట్ బ్యాంక్ డాట్ ఇన్ చిరునామాకి మారాలని రిజర్వు బ్యాంకు గడువు పెట్టింది కదా, ఆ తోకలేని లింకు నమ్మొద్దని కూడా అక్కడే రాయించండి.

4. దుకాణదారుల ఖాతాలో అనుమానపు సొమ్ము ఎంతో అంతే ఆపండి. ఏ ఠాణా, ఏ నంబరు ఫిర్యాదు, ఎవరితో మాట్లాడాలి అన్నది ఆపిన రోజే కాగితం మీద ఇవ్వండి. బిల్లు చూపించినవాడికి ఎన్ని రోజుల్లో తేలుస్తారో చెప్పండి. మాది దొంగసొత్తు కొనే బేరం కాదు.

5. కరపత్రాలు పంచి చేతులు దులుపుకోకండి. చదవలేని చోట కరపత్రం పొట్లాం కట్టుకోవడానికే. వారపు సంతల్లో ఆటోకి మైకు కట్టి తెలుగులో, ఒడియాలో, సవరలో చెప్పించండి. పోలియో చుక్కలకి చెప్పించినట్టే.

6. కొరియరు డిపోలవాళ్లని పిలిపించి, అమ్మినవాడి పేరు, చిరునామా లేని పెట్టె డబ్బు తీసుకుని ఇవ్వొద్దని చెప్పండి. 2020 నాటి ఈ కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెల లోపల తేల్చాలి. కొన్నవాడు తన జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేసుకోవచ్చు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయవచ్చు. ఇవి మాకు మేం చదువుకుని తెలుసుకున్నవి, ఎవరూ చెప్పలేదు.

ఇంకొకటి, రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను. దొంగ డబ్బు చేరే ఖాతాల్లో మా ఊళ్లవాళ్లవీ ఉన్నాయి. నాలుగువేలో అయిదువేలో ఇస్తామంటే పాస్‌బుక్కు, ఏటీఎం కార్డు, సిమ్ కలిపి ఇచ్చేసిన కుర్రాళ్లు నాకు తెలుసు. పని లేదు, పండగకి చొక్కా కావాలి. వాళ్లని పట్టుకునేటప్పుడు వాళ్లకి ఆ నాలుగువేలు ఇచ్చినవాణ్ని వదిలేయకండి. కుర్రాడు మీ ఠాణా పక్కనే దొరుకుతాడు, ఇచ్చినవాడు దొరకడు, అందుకని కేసు కుర్రాడితో ఆగిపోతుంది.

ఈ లేఖ చదివే మనవాళ్లకి కూడా: కస్టమర్ కేర్ నంబరు ఇంటర్నెట్‌లో వెతక్కండి, కొన్న యాప్ లోపలే చూడండి. డబ్బు పోతే నా దగ్గరికి కూడా రాకండి, ముందు 1930 కొట్టండి. ఆ తరవాత రండి, వెబ్‌సైట్‌లో తక్కిన వివరాలు ఎక్కిద్దాం. దానికి నేను డబ్బు తీసుకోను.

మూడు అర్జీల నకళ్లు, రసీదు, నోటుపుస్తకం నా దగ్గర ఉన్నాయి. మీలో ఎవరైనా చూస్తామంటే పట్టుకుని వస్తాను. రమ్మనే కబురు ఒడియాలో వచ్చినా పరవాలేదు, మా అబ్బాయి చదివి పెడతాడు.

ఇట్లు,
సరిహద్దు ఊరి రీఛార్జి కొట్టువాడు,
కింద సంతకాలు, వేలిముద్రలు పెట్టిన మా వీధివాళ్లు